పసిగుండెకు చికిత్స: డబ్బు లెక్క, కాలం లెక్క



ఈనాటి పాఠంలో రెండు విషయాలను కలిపి తెలుసుకుందాం. ఒకటి జీవశాస్త్రానికి సంబంధించింది: పుట్టుకతో గుండెలో వచ్చే లోపం. రెండోది గణితానికి సంబంధించింది: ఆ లోపాన్ని సరిచేయించడానికి అయ్యే ఖర్చు. ఈ రెండూ ఒక ఇంటిమీద ఒకేసారి పడినప్పుడు ఆ కుటుంబం ఎవరిని అడగాలి, ఏ వరుసలో అడగాలి అన్నది మన ప్రశ్న.

ఉదాహరణగా పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌ను తీసుకుందాం. బెంగాల్ నాగపూర్ రైల్వే రాకతో, 19వ శతాబ్దం చివర్లో పెరగడం మొదలైన ఊరు ఇది. స్టేషనులో, వర్క్‌షాపులో పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎందరో తెలుగువాళ్లు అక్కడికి తరలివెళ్లారు. నింపురా, మథురాకాటి వంటి పేటల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి నిర్ణయించింది ముఖ్యంగా వీళ్ల కోరిక వల్లనే.

ఆ ఊళ్లో ఒకే వీధిలో రెండు ఇళ్లను ఊహించుకోండి. మొదటి ఇంట్లో తండ్రి రైల్వేలో పర్మినెంటు ఉద్యోగి. రెండో ఇంట్లో తాత రైల్వేలో చేసి రిటైరయ్యాడు. తండ్రి గోల్‌బజారులో ఒక బట్టల కొట్టులో పని చేస్తున్నాడు. రెండిళ్లలోనూ మూడు నెలల పసిబిడ్డ ఉంది. ఇద్దరిలోనూ ఒకే లక్షణాలు. పాలు తాగుతూ తాగుతూ ఆగి రొప్పుతున్నారు, తల చెమటపడుతోంది, బరువు పెరగడం లేదు. డాక్టరు స్టెతస్కోపు పెట్టి చూసి, ఎకో పరీక్ష చేయించి, "గుండెలో రంధ్రం ఉంది" అన్నారు.

ఈ మాటకు అర్థమేమిటో చూద్దాం. మన గుండెలో నాలుగు గదులు ఉంటాయని మీరు చదువుకున్నారు. కింది రెండు గదులను జఠరికలంటాం. వాటి మధ్య ఒక కండరపు గోడ ఉంటుంది. తల్లి గర్భంలో మొదటి రెండు నెలల్లోనే ఈ గోడ పూర్తి కావాలి. ఒక్కొక్కప్పుడు అది పూర్తికాక సందు మిగిలిపోతుంది. ఎడమ జఠరిక రక్తాన్ని ఒళ్లంతటికీ పంపాలి కాబట్టి అక్కడి ఒత్తిడి సాధారణంగా కుడివైపు కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. నీరు ఎత్తు నుంచి పల్లానికి పారినట్టే, రక్తం కూడా ఆ సందులోంచి ఎడమ నుంచి కుడికి మళ్లి, ఊపిరితిత్తుల్లోకి అధికంగా చేరుతుంది. అందుకే బిడ్డ రొప్పుతుంది. తిన్న శక్తి అంతా ఊపిరి తీయడానికే ఖర్చయిపోతుంది కనుక బరువు పెరగదు.

చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే మూసుకుపోతాయి. వాటికి డాక్టరు పర్యవేక్షణ చాలు. పెద్ద రంధ్రం సంగతి వేరు. ఎక్కువ రక్తపు ఒత్తిడికి ఊపిరితిత్తుల రక్తనాళాలు క్రమంగా బిరుసెక్కిపోతాయి. ఒక హద్దు దాటితే కుడివైపు ఒత్తిడే ఎడమవైపును మించిపోతుంది. చెడురక్తం మంచిరక్తంలో కలుస్తుంది. బిడ్డ నీలంగా మారుతుంది. ఈ స్థితిని ఐసెన్‌మెంగర్ సిండ్రోమ్ అంటారు. ఆ తరువాత రంధ్రం మూసినా ప్రయోజనం లేదు, సరికదా ప్రమాదం. కనుక పెద్ద రంధ్రాన్ని సాధారణంగా మొదటి ఏడాదిలోనే మూయిస్తారు. డబ్బు కూడడానికి పట్టే కాలం ఈ గడువు లోపల ఉండాలి. మన పాఠానికి కీలకం ఇదే.

ఇప్పుడు రెండిళ్ల లెక్క చూద్దాం. మొదటి బిడ్డ తండ్రి మెడికల్ కార్డుతో రైల్వే ఆసుపత్రికి వెళతాడు. అక్కడ కాని వైద్యానికి వాళ్లే పెద్దాసుపత్రికి రాసి పంపుతారు. రెండో ఇంట్లో తాతకూ కార్డు ఉంది. అది ఆయనకు, నాయనమ్మకు పనికివస్తుంది. పెళ్లయిన కొడుకు బిడ్డకు వర్తించదు. మూడు తరాలుగా రైల్వే ఊళ్లో ఉన్న ఇల్లే, అయినా బిడ్డ రైల్వే బిడ్డ కాదు. గుండెలో రంధ్రం మాత్రం ఒక్కలాంటిదే.

రెండో ఇల్లు సాధారణంగా ఏం చేస్తుంది? బంగారం తాకట్టు పెడుతుంది, వడ్డీకి తెస్తుంది, బంధువుల దగ్గర చేబదుళ్లు తీసుకుంటుంది, ఆ తరువాత చందాలకు తిరుగుతుంది. హక్కుగా రాగలిగినదాన్ని చివరికి గాని అడగదు. ఈ వరుసను తిరగవేయాలి.

మొదట, ఎకో రిపోర్టుతో పాటు ఆపరేషన్ ఖర్చు అంచనాను ఆసుపత్రి నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. "ఎన్నాళ్లలోగా చేయించాలి?" అని డాక్టరును అడిగి ఆ గడువు రాయించుకోవాలి. ఈ కాగితాలు లేకుండా ఏ ఆఫీసులోనూ పని జరగదు.

రెండు, ప్రభుత్వ పథకాలు. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించి వైద్యం చేయించడానికి కేంద్రం 2013 ఫిబ్రవరిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు దాని జాబితాలో ఉన్నాయి. అదే ఏడాది పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం పిల్లల గుండె ఆపరేషన్ల కోసం శిశుసాథీ పథకం పెట్టింది. 2016 డిసెంబరులో స్వాస్థ్యసాథీ వచ్చింది. తండ్రి పనిచేసే కొట్టు ఈఎస్ఐ పరిధిలో ఉందేమో కూడా చూడాలి. పథకాల నియమాలు మారుతుంటాయి కాబట్టి ప్రభుత్వాసుపత్రిలోనే నేరుగా అడిగి తెలుసుకోవాలి.

మూడు, బిల్లు లేని ఆసుపత్రులు. పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన సత్యసాయి ఆసుపత్రి గుండె ఆపరేషన్లను ఉచితంగా చేస్తూ పేరు పొందింది. గుండె ఆపరేషన్‌కు వెళ్లే రోగికి, తోడు వెళ్లే ఒకరికి రైలు చార్జీలో రాయితీ ఉంది. దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి.

నాలుగు, సహాయ నిధులు. 1948లో ఏర్పడిన ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి గుండె ఆపరేషన్ వంటివాటికి ఖర్చులో కొంత భాగం ఇస్తుంది.

ఇవన్నీ చూశాక ఇంకా లోటు మిగిలితే అప్పుడు పదిమందినీ అడగాలి. అడిగేటప్పుడు అంచనా కాగితం చూపాలి, డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకే వేయమనాలి, వచ్చినదానికి లెక్క రాసి ఉంచాలి. ఇచ్చేవారికి నమ్మకం, పుచ్చుకునేవారికి గౌరవం రెండూ దక్కుతాయి.

చివరగా గణితం. పుట్టే ప్రతి వెయ్యి మందిలో సుమారు ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఒక ఊళ్లో ఏడాదికి నాలుగు వేల కాన్పులు జరిగాయనుకోండి. అంటే సుమారు 32 నుంచి 36 మంది పిల్లలు. ఏ ఇంట్లో అన్నది ముందు చెప్పలేం. ఎంతమంది అన్నది చాలావరకు చెప్పగలం. ఒక కుటుంబానికి అనుకోని ఖర్చు, ఊరికి మాత్రం అనుకోదగిన ఖర్చే.

ఒక లెక్క చేయండి. పదివేల కుటుంబాల్లో ఏడాదికి 20 మందికి మూడేసి లక్షల వైద్యం కావలసి వచ్చిందనుకుందాం. మొత్తం 60 లక్షలు. తలా పంచితే కుటుంబానికి ఏడాదికి 600 రూపాయలు, నెలకు 50. ఒక్క ఇంటిని అప్పులో ముంచే మొత్తం పదివేల ఇళ్లలో పంచుకుంటే టీ ఖర్చుపాటి. ఆరోగ్య బీమాకు ఆధారం ఈ సూత్రమే.

ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది కూడా ఇదే. వైద్యం కోసం ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీలు పెరిగిపోగా, ఒక్కొక్క అర్జీకి బదులు అందరికీ ఒక పథకం ఉండాలన్న ఆలోచనతో 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తొలి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్న వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గింది, కాని ఇంకా తక్కువేమీ కాదు.

మీకొక అభ్యాసం. మీ ఇంట్లో ఎవరెవరికి ఏ ఆరోగ్య కార్డు ఉందో, అందులో ఎవరి పేర్లు ఉన్నాయో, ఎవరి పేరు లేదో ఒక పట్టిక రాయండి. ఇంట్లో కొత్తగా పుట్టిన బిడ్డ ఉంటే ఆ పేరు చేర్చారో లేదో చూడండి. చేర్చకపోతే ఈ వారంలోనే పెద్దవాళ్లకు గుర్తుచేయండి. జబ్బు వచ్చాక చేర్పించడానికి తిరిగే రోజులు కూడా బిడ్డ గడువులోంచే పోతాయి.

సెలవు.