పిలిచిన పని, పిలవని పనులు



ఈ స్మారకోపన్యాసం ఏ అమ్మగారి జ్ఞాపకార్థం ఏర్పాటైందో, ఆవిడ ముప్పై ఏళ్లకు పైగా ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేశారు. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిగా ఉండమని ఎందరు బతిమాలినా, రాత్రి డ్యూటీలు ఉన్నాయని చెప్పి మృదువుగా తప్పుకునేవారని ఇక్కడ చాలామందికి తెలుసు. అప్పట్లో కొందరు నొచ్చుకున్నారు కూడా. ఆవిడ చేసింది సరైన పనేనని నా నమ్మకం. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది అదే.

దేవుడు అప్పగించిన పని మీద నుంచి మన దృష్టి ఎందువల్ల మళ్లుతుంది అని అడిగితే, పాపం వల్ల అని వెంటనే జవాబు చెబుతాం. నిజమే. కానీ చెడు పని వైపు అడుగు పడితే మనస్సాక్షి గద్దిస్తుంది, పాస్టరుగారు గద్దిస్తారు, ఇంట్లోవాళ్లు గద్దిస్తారు. మనది కాని మంచి పని వైపు అడుగు పడితే గద్దించేవారు ఎవరూ ఉండరు. అందుకే ఆ రెండోదాని గురించి నాకు ఎక్కువ దిగులు.

మార్కు సువార్త మొదటి అధ్యాయం చూడండి. కపెర్నహూములో పొద్దుగూకాక ఊరంతా యేసు ఉన్న ఇంటి వాకిట చేరింది. యేసు ఎందరినో స్వస్థపరిచాడు. ఇంకా చీకటి ఉండగానే లేచి, ఒంటరిగా వెళ్లి ప్రార్థనలో ఉన్నాడు. శిష్యులు వెతుక్కుంటూ వచ్చి, జనమంతా ఆయన కోసం చూస్తున్నారని చెప్పారు. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. రోగులు ఉన్న మాట నిజం, వాళ్ల బాధ నిజం, ఆయనకు జాలి ఉన్న మాటా నిజం. అయినా ఆయన వెనక్కి వెళ్లలేదు. తాను వచ్చింది వాక్యం ప్రకటించడానికని చెప్పి పక్క ఊళ్లకు బయలుదేరాడు. ఆ తెల్లవారుజాము ప్రార్థనను, ఆ నిర్ణయాన్ని విడదీసి చదవకూడదు. ఏ పని తనదో తండ్రి సన్నిధిలో తేల్చుకున్నవాడే జనం పిలుపు ముందు నిలబడగలడు.

మన తెలుగు నేల మీద ఇలా నిలబడినవారిలో నా మనసుకు అందరికంటే దగ్గరైన మనిషి డాక్టర్ అన్నా సారా కుగ్లర్. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అంటే తెలియనివారుండరు. ఆ పేరు వెనకున్న మొదటి రెండేళ్ల సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు.

ఆవిడ 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారు. అక్కడి మహిళా వైద్య కళాశాలలో 1879లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. గుంటూరు లూథరన్ మిషనరీ ఒకరు రాసిన ఉత్తరం చూసి, ఇక్కడి స్త్రీలకు వైద్యం చేయడమే తన పిలుపని గ్రహించారు. ఆ రోజుల్లో పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు ఎంత ప్రాణాపాయం వచ్చినా మగ డాక్టరుకు నాడి చూపించేవారు కాదు. కాన్పు కష్టమైతే మంత్రసాని చేతిలో ఉన్నంతే, ఆ పైన దేవుడే దిక్కు. ఆ లోటు తీర్చగలిగింది ఆడ డాక్టరు మాత్రమే.

అయితే ఆవిడ దరఖాస్తు పెట్టుకున్న స్త్రీల మిషనరీ సంఘం, వైద్య సేవకు తాము ఇంకా సిద్ధంగా లేమని చెప్పింది. పంపడానికి ఒప్పుకున్నది ఉపాధ్యాయురాలిగా. 1883 చివర్లో ఆవిడ గుంటూరు చేరారు. ఆడపిల్లల బడులు చూసుకోవడం, ఇళ్లకు వెళ్లి స్త్రీలకు చదువు, వాక్యం చెప్పడం అప్పగించిన పనులు.

ఆ స్థానంలో మనం ఉంటే ఏం చేసేవాళ్లం? డాక్టరునై ఉండి అక్షరాలు దిద్దించాలా అని అలిగి తిరుగు ఓడ ఎక్కవచ్చు. లేదా, అధికారులు ఇచ్చిందే దేవుడిచ్చిందని సరిపెట్టుకుని వైద్యం మానేయవచ్చు. మొదటిదాన్ని పట్టుదల అనీ, రెండోదాన్ని విధేయత అనీ మనం మెచ్చుకుంటాం కూడా. కుగ్లర్ ఈ రెండూ చేయలేదు. బడుల పని బాధ్యతగా చేశారు. తెలుగు నేర్చుకున్నారు. తాను ఉన్న ఇంటికి వచ్చిన రోగులకు అక్కడే మందిచ్చారు, పిలిచిన ఇళ్లకు వెళ్లారు. అన్ని కులాలవాళ్లనూ తాకే మనిషని కొన్ని ఇళ్లవాళ్లు మొదట్లో దూరం పెట్టినా, మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్లారు. 1885 చివరికి మిషను ఆవిడను వైద్య మిషనరీగా నియమించింది. ఉత్తరాల్లో వాదించి గెలవడం కన్నా ఇంటి ముందు చేరిన రోగులే ఆవిడ తరఫున ఎక్కువ మాట్లాడి ఉంటారని నా అభిప్రాయం.

ఆ తర్వాతా తొందరపడలేదు. 1893లో డిస్పెన్సరీ, 1898లో ఆసుపత్రి వచ్చాయి. గుంటూరు వచ్చాక పదిహేనో ఏట గాని మంచాలున్న ఆసుపత్రి ఆవిడ చేతికి రాలేదన్న మాట. ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. పతకం వచ్చాక కూడా ఆవిడ వార్డులోనే ఉన్నారు. 1930 జూలైలో గుంటూరులోనే కన్నుమూశారు. వచ్చిన నాటి నుంచి లెక్కిస్తే దాదాపు నలభై ఏడేళ్లు, ఒకే ఊరు, ఒకే పని.

పిలుపు మనిషిని ఒకే చోట కట్టిపడేస్తుందని దీని అర్థం కాదు. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతా తిరిగారు, పేరు తెచ్చుకున్నారు. భారతీయులే సువార్త మోసుకెళ్లాలని 1903లో మిషనరీ సంఘం స్థాపనలో ముందున్నారు. వెళ్లమని ఇతరులకు చెబుతున్న తాను వెళ్లకుండా ఉండలేక 1909లో ఆ కార్యదర్శి పదవి వదిలి, తన భాష కాని తెలుగు నేర్చుకుని, దోర్నకల్లు పల్లెల్లోకి వచ్చారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. ఆవిడకు ఉండిపోవడం, ఈయనకు కదలడం. చూపు మాత్రం ఇద్దరిదీ పని మీదే, పదవి మీద కాదు.

ఇక మన సంగతి. ఏ పట్టణంలోనైనా చురుకైన విశ్వాసి వారం ఎలా గడుస్తుందో మీకు తెలుసు. ఆదివారం ఆరాధన, బుధవారం గృహకూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో కమిటీ మీటింగు, ఉజ్జీవ సభల చందా, వాట్సాప్ గ్రూపులో రోజూ వాక్యం. ఇవేవీ చెడ్డవి కావు. కొన్ని లేకపోతే సంఘమే లేదు. కానీ పిల్లలకు లెక్కలు చెప్పడం దేవుడు తనకిచ్చిన పని అని నమ్మిన టీచరు, కమిటీ ఎన్నికల గొడవల్లో పడి పాఠం సిద్ధం చేసుకోకుండా తరగతికి వెళితే, ఆ నష్టాన్ని ఏ సాక్ష్యమూ పూడ్చదు. సంఘ ఆస్తుల తగాదాల్లో కోర్టు మెట్లెక్కుతూ, మంచం పట్టిన విశ్వాసి ఇంటికి వెళ్లే తీరిక లేకపోయిన పాస్టర్లను చూస్తే నాకు కోపం రాదు, గుండె తరుక్కుపోతుంది.

దీనికి మన అలవాటే ఒకటి దోహదం చేస్తోంది. పరిచర్య అనే మాటను మందిరం గోడల లోపలికే పరిమితం చేశాం. వేదిక మీద మైకు ముందు నిలబడితే పరిచర్య, వార్డులో రాత్రంతా మేలుకుంటే ఉద్యోగం. అలా విడదీయడం తప్పు. కుగ్లర్ మందు సీసా పట్టుకున్నప్పుడూ, బైబిలు పట్టుకున్నప్పుడూ చేసింది ఒకే పరిచర్య.

సంఘ పెద్దలకు నాదొక విన్నపం. వచ్చే ఏడాది కమిటీల జాబితా రాసేటప్పుడు, ప్రతి పేరు పక్కన ఆ మనిషికి దేవుడు ఇప్పటికే ఇచ్చిన పని ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఆ పనికి అడ్డం వచ్చేటట్లయితే ఆ పేరు కొట్టేయండి. రాలేనని చెప్పిన నర్సును, టీచరును, ముసలి తల్లిని చూసుకుంటున్న కొడుకును భక్తి తగ్గినవాళ్లుగా లెక్కగట్టకండి. వాళ్ల పని కోసం ఆదివారం ప్రార్థనలో పేరుపేరునా ప్రార్థించండి.