అద్దె ఇంటి అడ్వాన్సు



ఈ సాయంకాలము మన ఆలయ కట్టడమును గూర్చి కాక, మన సంఘస్థులు కాపురముండు అద్దె ఇండ్లను గూర్చి మాటలాడ దలచితిమి. అద్దె ఇల్లు చిన్నతనమని ఎవరైనను తలచినయెడల, అపొస్తలుడైన పౌలు రోమాలో రెండేండ్లు అద్దె ఇంటనే యున్నాడని జ్ఞాపకము చేయుచున్నాము.

పేదవానికి ఇల్లనగానే మన ప్రభుత్వములు సొంత ఇల్లనియే తలచుచు వచ్చినవి. 2006లో ఇందిరమ్మ ఇండ్లు, తరువాత తెలంగాణలో రెండు పడక గదుల ఇండ్లు. మంచి పనులే. కారు కప్పు క్రింద వానాకాలము గడపినవారికే వాటి విలువ తెలియును. 2023 జూన్‌లో హైదరాబాదు శివారున కొల్లూరులో ఒక్కచోటనే 15,660 ఇండ్లు ప్రారంభమైనవి. ఒక్కొక్కటి 560 చదరపు అడుగులు. అయితే సికింద్రాబాదులో నాలుగిండ్ల పాచిపని చేసుకొను తల్లి అక్కడనుండి తెల్లవారి ఆరింటికి పనికి చేరుటెట్లు? 2023 డిసెంబరులో తెలంగాణ ఆర్టీసీ స్త్రీలకు ఉచిత ప్రయాణమిచ్చుటతో ఛార్జీ బాధ తగ్గినది గాని గడియారము బాధ తగ్గలేదు.

కావున ఆమె పనికి దగ్గరలో ఒక గది వెదకుకొనును. అక్కడ మొదట వినవచ్చు ప్రశ్న "మీరేమిట్లు?" అని. కొన్ని గేట్లకు "శాకాహారులకు మాత్రమే" అను బోర్డు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పి వెనుదిరిగినవారు మనలో ఎందరో ఉన్నారు గనుక విస్తరించి చెప్పనక్కరలేదు.

ఆ గుమ్మము దాటినను అడ్వాన్సు అడ్డము నిలుచును. నివాస గృహమునకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసికొనరాదని కేంద్ర మంత్రివర్గము 2021 జూన్ 2న ఆమోదించిన మాదిరి అద్దె చట్టము చెప్పుచున్నది. అది మాదిరి మాత్రమే. రాష్ట్రము చట్టము చేసినప్పుడే దానికి బలము. నెలనెల అద్దె ఆమె కూలిలో వెళ్లును. ఒక్కసారిగా కట్టవలసిన ఆ మొత్తమునకే నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీకి అప్పు చేయును. ఆ వడ్డీ పిల్లల బియ్యములోనుండి పోవును.

2024లో ఆమోదము పొందిన పట్టణ ఆవాస్ యోజన రెండవ విడతలో అద్దె ఇండ్లు ఒక భాగమైనవి. సంతోషము. అవి కట్టి పూర్తియగువరకు అద్దె ఆగదు గదా!

మనలో పోర్షన్లు అద్దెకిచ్చువారు ముందు బల్లలలోనే కూర్చున్నారు. వారిని నిందించుట మా ఉద్దేశము కాదు; ఆ అద్దెయే ఆధారమైన విధవరాండ్రును, పింఛనుదారులును వారిలో కలరు. అడ్వాన్సును మూడు నాలుగు వాయిదాలలో తీసికొనుడని మాత్రమే వారిని వేడుకొనుచున్నాము.

ఇక సంఘము చేయదగినది ఒకటున్నది. అడ్వాన్సు ఖర్చయిపోవు సొమ్ము కాదు. ఇల్లు ఖాళీ చేయునాడు తిరిగి వచ్చునది. సంఘము వడ్డీ లేకుండ దానిని బదులిచ్చి పది నెలలలో కొద్దికొద్దిగా వసూలు చేసికొనినచో, అదే సొమ్ము మరియొక కుటుంబమునకు అందును. ఈ సంవత్సరపు కోత పండుగ కానుకలలో కొంత భాగముతో దీనిని ఆరంభింపవలెనని పాస్టరేటు కమిటీ ముందుంచుచున్నాము. లెక్క కోశాధికారి పుస్తకములో నుండును. బదులు తీసికొనినవారి పేర్లు ఆరాధనలో చదువబడవు.