‘ఇంటికి తీసుకెళ్లండి’ అన్న తర్వాత

(వార్షిక సమావేశంలో వైద్య సహాయ కమిటీ బాధ్యులు చేసిన ప్రసంగ పాఠం)



వైద్య సహాయ నిధి లెక్కలు కార్యదర్శి గారు ఇప్పటికే చదివారు. ఆ లెక్కల్లో కనిపించని ఒక విషయం నేను చెప్పాలి.

కొన్నేళ్ల కిందట రక్త క్యాన్సర్ వచ్చిన ఏడేళ్ల బాబుకు మనం మందుల ఖర్చు ఇచ్చాం. బిల్లు వచ్చినప్పుడల్లా చెక్కు నేనే తీసుకెళ్లేవాణ్ణి. ఒకరోజు డాక్టర్లు, ఇక చేయగలిగిందేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. బిల్లులు ఆగిపోయాయి. మేం ఫైలు మూసేశాం. బాబు మరో ఐదు వారాలు బతికాడు. జనాజాకు వెళ్లి వచ్చాను. మూడు నెలల తర్వాత ఆ తల్లి బజారులో కనిపించి అంది: “భాయ్, ఆ ఐదు వారాలూ నొప్పితో రాత్రంతా ఏడ్చేవాడు. ఎవరిని అడగాలో తెలియలేదు. మీరైనా ఒకసారి వస్తారనుకున్నాను.” నా దగ్గర జవాబు లేదు.

జబ్బు తగ్గకపోవచ్చు. నొప్పి తగ్గించవచ్చు. ఆయాసం, వాంతులు, నిద్ర పట్టకపోవడం, వీటికీ మందులున్నాయి. దీన్నే పాలియేటివ్ కేర్ అంటున్నారు. ఇది చివరి రోజులకే పరిమితం కాదు. పెద్ద జబ్బు అని తేలిన నాటి నుంచే, అసలు చికిత్సతో పాటు మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తీవ్రమైన నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ఉంది. అది రోగులకు సులువుగా అందాలని 2014లో చట్టాన్ని సవరించారు. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి ఇస్తే పిల్లవాడు మత్తుకు అలవాటు పడతాడన్న భయం అక్కర్లేదు.

ఇది డబ్బున్న దేశాల్లోనే సాధ్యమని అనుకోకండి. పిల్లల కోసమే తొలి హాస్పిస్ 1982లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో వెలిసిన మాట నిజమే. కానీ కేరళలోని కోజికోడ్‌లో 1993లో మొదలైన సేవ, వీధివీధినా మామూలు మనుషులు ఇచ్చిన చిన్న చిన్న మొత్తాలతో, వారి శ్రమతో విస్తరించింది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనూ పిల్లలకు ఈ సేవ ఉంది. ఆ తల్లికి ఈ సంగతి చెప్పేవారు లేకపోయారు.

ఇక బిడ్డ పోయిన తర్వాతి మాట. మూడు రోజులు ఇంటి నిండా జనం. నాలుగో రోజు తల్లి ఒంటరి. ఏడిస్తే “సబర్ చెయ్యి” అంటాం. మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ పసిబిడ్డ ఇబ్రాహీం చనిపోతున్నప్పుడు కన్నీరు పెట్టారు. అది కారుణ్యమని చెప్పారు. జాఫర్ (రజి) షహీద్ అయినప్పుడు ఆ ఇంటివారికి భోజనం వండి పంపమన్నారు. సబర్ అంటే కన్నీళ్లు ఆపుకోవడం కాదు. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లి కూర్చోవడం మన దీన్‌లోని పనే. అన్నకోసమో చెల్లికోసమో లోలోపల కుమిలిపోయే పిల్లలనూ పలకరించాలి. తండ్రిని కూడా. ఆయన చాలాసార్లు అప్పుల లెక్కల చాటున ఏడుస్తాడు.

అందుకే కమిటీ మూడు పనులు తలపెట్టింది. ఇంటికి వెళ్లి చూసే ఒక నర్సు. పాలియేటివ్ క్లినిక్‌కు వెళ్లి రావడానికి బండి ఖర్చు. బిడ్డ పోయాక ఏడాది పాటు, నెలకోసారి ఆ ఇంటికి వెళ్లే ఇద్దరు సోదరీమణులు. చికిత్స కోసం అప్పులపాలైన కుటుంబాలకు ఉలమాను అడిగి జకాత్ నుంచి ఇస్తాం. నర్సు జీతం, బండి ఖర్చు మాత్రం సదఖా నుంచే.

దాతలారా, ఈ పనికి పెద్ద భవనం అక్కర్లేదు, శిలాఫలకం ఉండదు. కోలుకున్న పిల్లల ఫోటోలు వచ్చే ఏడాది సంచికలో చూపించలేం. అయినా ఇవ్వమని అడుగుతున్నాను. డబ్బు ఇవ్వలేనివారు నెలకు ఒక సాయంత్రం ఇవ్వండి.

ఇకమీదట డాక్టర్లు ఇంటికి పంపిన రోజున మనం ఫైలు మూయం. అల్లాహ్ మన చిన్న ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.