తీర్పు అయ్యాక

న్యాయం, సాహిత్యం అన్న అంశం మీద మాట్లాడుకోవడానికి బంజారా హిల్స్‌లో కూర్చున్నాం. ఇంకాస్త పైకి వెళితే ఫిల్మ్‌నగర్. అక్కడ రాసే కోర్టు సీన్లన్నీ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి: వీడు చేశాడా, చేయలేదా? 2021లో వచ్చిన ‘వకీల్ సాబ్’ అయినా, 2025లో వచ్చిన ‘కోర్ట్’ అయినా అంతే. చేశాడని తేలాక ఎంత శిక్ష వేయాలి, వేసింది ఎక్కువైందా తక్కువైందా అనే చోటికి వచ్చేసరికి మన కథకులు లేచి వెళ్లిపోతారు. కథా రచయితలు కూడా ఇందులో ఏమంత మెరుగు కారు.

సత్యం కంప్యూటర్స్ కేసే తీసుకోండి. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరంతో నేరం రహస్యమేమీ కాకుండా పోయింది. పుస్తకాల్లో చూపిన నగదులో రూ.5,040 కోట్లు అసలు లేవన్నారు. ముందురోజు రూ.179 దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి రూ.40కి పడిపోయింది. ఆ తర్వాత ఆరేళ్లు విచారణ నడిచింది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయమూర్తి బి.వి.ఎల్.ఎన్. చక్రవర్తి నిందితులు పది మందినీ దోషులుగా తేల్చారు. రాజుకు ఏడేళ్ల కఠిన కారాగారం, కోట్లలో జరిమానా.

ఏడేళ్లే ఎందుకు? నమ్మకద్రోహానికి పాత శిక్షాస్మృతి 409వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా వేసే వీలుండేది. కానీ ఈ కేసు విన్నది చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ స్థాయి కోర్టు. ఆ స్థాయికి చట్టం గీసిన గీత ఏడేళ్లు. అంటే వేలమంది మదుపరులను ముంచిన నేరం ఎంత పెద్దదో తూచిన తర్వాత కూడా తక్కెడలో అంతకుమించి రాయి లేదు. ఈ చిన్న సంగతి తెలియకుండానే ఊరంతా ‘ఏడేళ్లేనా’ అని ఒకరు, ‘పాపం, ఏడేళ్లా’ అని ఇంకొకరు వాదించుకుంది. 108 అంబులెన్సులు నడిపించిన మనిషికి ఇంత శిక్షా అన్నవాళ్లను నేను స్వయంగా విన్నాను. 2005లో మొదలైన ఆ సేవ ఎంతమందిని బతికించిందో మనకు తెలుసు. అయినా అంబులెన్సులో ప్రాణం దక్కినవాడి కృతజ్ఞత, పెళ్లికని దాచిన డబ్బు షేర్లలో పోగొట్టుకున్నవాడి బాకీని తీర్చదు. నా మట్టుకు నేను ఆ రెండు ఖాతాలను కలపను.

శిక్ష ఖరారు చేసేముందు దోషి చెప్పుకునేది వినాలని చట్టమే అంటుంది. ముసలి తల్లి, జబ్బు, పిల్లల చదువు, చేసిన దానధర్మాలు, అన్నీ అక్కడ బయటికొస్తాయి. బతుకంతా నాలుగు మాటల్లో కుదించి చెప్పుకోవాలి. దానికన్నా గట్టి కథ ఎక్కడుంది? అవతల నష్టపోయినవాళ్లు మాత్రం అంకెలుగానే మిగులుతారు. సుమారు రూ.14 వేల కోట్ల నష్టమంది సీబీఐ. ఆ అంకెకు ముఖం లేదు, తల్లి లేదు.

అప్పీలులో ఇంకో తమాషా ఉంది. శిక్ష ఎక్కువైందని దోషి పైకోర్టుకు వెళితే, ఆ అప్పీలులో తగ్గించవచ్చు గానీ పెంచడానికి వీల్లేదు. పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీలు వేసుకోవాలి. తనకు న్యాయం అడగబోయి మరింత ఇరుక్కుంటానన్న భయం ఉండకూడదని ఈ ఏర్పాటు. నాకు చాలా నచ్చిన నియమం ఇది. రాజు, మిగతావాళ్లు నాంపల్లి సెషన్స్ కోర్టుకు వెళ్లారు. మే 11న శిక్ష అమలు ఆగింది, బెయిలు వచ్చింది. తీర్పుకు ముందే ఆయన రెండున్నరేళ్లకు పైగా జైల్లో ఉన్నారు, అది కూడా శిక్షలోంచి తీసేసేదే.

రావిశాస్త్రి గారి ‘ఆరు సారా కథలు’ చదివినవాళ్లకు వేరే కోర్టు తెలుసు. అక్కడ నెలల్లో ఉండే శిక్షకు అప్పీలు వేసే స్తోమత ఉండదు, జామీను నిలబడే మనిషి దొరకడు. పైకోర్టు వినే వేళకు శిక్షే అయిపోతుంది. నియమం ఇద్దరికీ ఒకటే, అందరాని ఎత్తులో ఉంది ఒకరికే. వకీలుగా ఆయన చూసినదాన్ని ఆయన తర్వాత మన కథ అంత దగ్గరగా చూడలేదు.

ఈ రెండు రోజుల్లో చదవబోయే పత్రాల జాబితా చూశాను. సాక్ష్యం మీద, ముద్దాయి పాత్ర మీద, వకీలు పాత్ర మీద ఉన్నాయి. శిక్ష మీద ఒక్కటీ లేదు. రేపు మధ్యాహ్నం చర్చలోనైనా దాన్ని చేర్చమని నిర్వాహకులను అడుగుతున్నాను. మొదటి పత్రం చదవవలసిన మిత్రులు వేదిక మీదికి రావాలి.