పేరు లేని చేతులు

(జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ ప్రాంతాల్లో సినిమా పనులు చేసే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రయోగాత్మక కళ గురించి మాట్లాడమని పిలిచినప్పుడు మొదట వెనకాడాను. మనం కూలి రేట్ల గురించి, కట్నం చావుల గురించి, రేషన్ కార్డుల గురించి మాట్లాడుకునేవాళ్ళం. రంగులూ రాగాలూ మనకెందుకు అనిపించింది. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో చాలామందికి ఇల్లు గడిచేది ఆ రంగుల మీదా, ఆ రాగాల మీదానే కదా! సెట్‌కి రంగులు వేసేవాళ్ళున్నారు, కోరస్ పాడేవాళ్ళున్నారు, బట్టలు కుట్టేవాళ్ళున్నారు, గుంపులో నిలబడేవాళ్ళున్నారు. కళ గురించి మాట్లాడే హక్కు మనకు కాక ఎవరికుంది?

1976లో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభమైన నాటికి ఈ చుట్టుపక్కలంతా బండరాళ్ళే. మద్రాసు నుంచి తెలుగు సినిమా మెల్లగా ఇక్కడికి తరలివచ్చి, కొండల మీద బంగళాలు లేచాయి. ఆ బంగళాలు కట్టిన వాళ్ళూ, వాటిలో అంట్లు తోమేవాళ్ళూ, ఆ సినిమాల్లో గుంపుగా కనిపించేవాళ్ళూ మాత్రం కొండ కింద ఇరుకు గదుల్లోనే ఉండిపోయారు. ఇది మీకు నేను చెప్పాల్సిన సంగతి కాదు.

అదే రోజుల్లో, ఇదే నగరంలో, ఈ కొండతో సంబంధం లేకుండా ఒకాయన వేరే దారిలో నడిచారు. ఆయన బి. నర్సింగరావు గారు. 1946లో మెదక్ జిల్లా ప్రజ్ఞాపూర్‌లో పుట్టారు. దర్శకుడు, స్వరకర్త, చిత్రకారుడు, కవి. ఒకే మనిషి బొమ్మ గీసి, బాణీ కట్టి, కెమెరా వెనక నిలబడితే ఏమవుతుందో చూడాలంటే ఆయన పని చూడాలి. 1970ల మొదట్లో ఆయన చుట్టూ చేరిన ఆర్ట్ లవర్స్ బృందంలోకే గద్దర్ వచ్చారు. అంటే ఆయన ప్రయోగం గదిలో ఒంటరిగా కూర్చుని చేసింది కాదు. జనం పాటతో కలిసి నడిచింది.

ఆయన పని గురించి నాకు ఇష్టమైన విషయం ఒకటి చెబుతాను. 'మా భూమి' అందరూ చూసే ఉంటారు. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా, తెలంగాణ రైతాంగ పోరాటం మీద వచ్చిన సినిమా. 1980లో విడుదలైంది. గౌతం ఘోష్ దర్శకత్వం, నర్సింగరావు గారు నిర్మాతల్లో ఒకరు. ఆ సినిమాకి సంగీతం ఎవరిచ్చారో ఎంతమందికి గుర్తుంది? పాడినవాళ్ళు గుర్తుంటారు, తెర మీద కనిపించినవాళ్ళు గుర్తుంటారు. సంగీతం ఇచ్చినవారు ఇద్దరు: వింజమూరి సీత, నాగభూషణం. అక్క అనసూయతో కలిసి జానపదాన్ని సభావేదికల మీదికి తెచ్చిన సీతగారే ఈమె. ఒక పోరాట సినిమాకి బాణీలు కట్టిన వాళ్ళలో ఒక స్త్రీ ఉందని మన మీటింగుల్లో కూడా ఎవరూ చెప్పగా నేను వినలేదు. టైటిల్స్‌లో పేరుంది కాబట్టి ఈరోజు నేను చెప్పగలుగుతున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

తర్వాత 'రంగుల కల' వచ్చింది. 1983 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. అందులో ఒక చిత్రకారుడు తన బొమ్మ ఎవరి గోడకి ఎక్కాలి, ఎవరి కోసం గీయాలి అని కొట్టుకుంటాడు. ఆ చిత్రకారుడి వేషం నర్సింగరావు గారే వేశారు. తన ప్రశ్నని తన మీదే వేసుకున్నారన్నమాట.

ఇక 1988లో 'దాసి'. నిజాం కాలం నాటి గడీలో కమలాక్షి అనే దాసి కథ. పగలంతా చాకిరీ, రాత్రి దొర పిలిస్తే పోవాలి, అతిథి వస్తే అతని దగ్గరికీ పోవాలి. కడుపొస్తే ఆ కడుపు కూడా ఆమెది కాదు, తీయించుకోమని హుకుం. ఆ హుకుం నడిపించేది దొరసాని. పితృస్వామ్యం ఒక ఆడదాని చేత్తోనే ఇంకో ఆడదాని గర్భం మీద ఎలా దెబ్బ కొట్టిస్తుందో ఉపన్యాసం లేకుండా చూపించిన సినిమా అది. పాటలూ డాన్సులూ లేవు. మాటలు కూడా తక్కువే. అర్చనకి ఉత్తమ నటి అవార్డుతో సహా 5 జాతీయ అవార్డులొచ్చాయి. కళా దర్శకత్వానికి అవార్డు తీసుకున్నది చిత్రకారుడు తోట వైకుంఠం. ఎర్రటి పెద్దబొట్టు, నిండు చీర, తెలంగాణ ఆడవాళ్ళ బొమ్మలు వేసే వైకుంఠం గారే. ఒక చిత్రకారుడు తీసిన సినిమాకి ఇంకో చిత్రకారుడు గోడలూ గదులూ తీర్చాడు. అందుకే ఆ గడీ సెట్టులా ఉండదు, ఊపిరాడని ఇల్లులా ఉంటుంది.

1990లో వచ్చిన 'మట్టి మనుషులు' ఊరొదిలి పట్నం వచ్చి బిల్డింగుల దగ్గర కూలికి చేరిన వాళ్ళ కథ. కొండ మీది బంగళాల సంగతి ఇందాక చెప్పానే, వాటికి ఇటుకలు మోసిన ఆడవాళ్ళ ముఖాలు తెలుగు సినిమాలో మనుషుల ముఖాలుగా కనిపించినవి చాలా తక్కువ. ఆ తక్కువలో ఇదొకటి. తర్వాత ఆయన సినిమాలు తగ్గించినా, కుంచే, రాగమూ, కవిత్వమూ విడిచిపెట్టలేదు.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి ఇప్పుడు మన ప్రశ్న కూడా అడగాలి. దాసి బాధని పురుషుడు తీశాడు. తెలంగాణ స్త్రీ బొమ్మని పురుషుడు గీశాడు. వాళ్ళు గౌరవంగానే చేశారు, నేను కాదనను. కానీ ఆ స్త్రీ ఎప్పుడూ బొమ్మగానే ఉండాలా? కుంచె ఆమె చేతికి ఎప్పుడొస్తుంది? రాలేదని కాదు. భానుమతి గారు 1953లోనే 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారు, మరుసటి ఏడు 'చక్రపాణి'కి సంగీతం కూర్చారు. ఎస్. జానకి గారు 1989లో 'మౌనపోరాటం'కి సంగీత దర్శకత్వం చేశారు. తనని మోసం చేసినవాడి మీద హక్కు కోసం న్యాయపోరాటం చేసిన ఆదివాసీ స్త్రీ కథకి, ఒక స్త్రీ బాణీలు కట్టిందన్నమాట. 1990ల్లో ఎం.ఎం. శ్రీలేఖ చిన్న వయసులోనే సంగీత దర్శకురాలయ్యారు. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఈ లిస్టు వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఎందుకుంది? ఆడవాళ్ళ గొంతు కావాలి గానీ, ఆ గొంతు ఏం పాడాలో నిర్ణయించే కుర్చీ మాత్రం ఇవ్వరు.

ఇప్పుడు నా సంగతి. ఇరవై రెండేళ్ళ వయసులో నేను కోరస్ పాడాను. నలుగురం ఆడపిల్లలం, ఒకే మైకు. పొద్దున వెళ్తే రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టారు. మా రాగం చివర చిన్న మలుపు ఒకటి నేనే వేశాను. బాగుందన్నారు, ఉంచేశారు. క్యాసెట్ వచ్చాక డబ్బులు పోగేసి కొనుక్కున్నాను. కవరు అటూ ఇటూ తిప్పి చూశాను. మా నలుగురిలో ఒక్క పేరూ లేదు. అమ్మకి వినిపించి "ఇది నేనే" అంటే, "నీ పేరేదే?" అంది. ఆ ప్రశ్నకి ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.

పేరు అంటే గొప్ప కోసం కాదు, మిత్రులారా. పేరు అంటే హక్కు. కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించినప్పుడు పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ రాయల్టీ హక్కు గట్టిపడింది. ప్రదర్శకులకు కూడా, అంటే పాడేవాళ్ళకీ నటించేవాళ్ళకీ, వాణిజ్య వాడకంలో వాటా అన్నారు. మంచిదే. కానీ అదే సవరణ ఇంకో మాట చేర్చింది. సినిమాలో ఒకరి ప్రదర్శన ఏదో అలా వచ్చిపోయేదిగా ఉండి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం వారి పేరు టైటిల్స్‌తో సహా ఎక్కడా వేయకపోతే, వారిని ప్రదర్శకులుగా లెక్కించరు. తమ ప్రదర్శనని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఒక్కటే వారికి మిగులుతుంది. చూశారా మెలిక? పేరు వేయకపోవడం వాళ్ళ ఆనవాయితీ. ఆ ఆనవాయితీనే చూపించి, నువ్వు కళాకారిణివే కావు పొమ్మనడానికి చట్టంలో సందు ఉంది.

భద్రత సంగతీ అంతే. 2018లో ఇదే ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ ఛాంబర్ ముందు ఒక నటి ఒంటరిగా నిరసనకి దిగితేనే విషయం బయటపడింది. 2019లో ప్రభుత్వం కమిటీ వేసింది. 2024లో కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికొచ్చాక, ఇక్కడి నివేదికనూ బయటపెట్టమని సమంత గారు బహిరంగంగా అడిగారు. నటికే ఇంత కష్టమైతే, పేరే లేని మనిషి ఫిర్యాదు ఎవరు రాసుకుంటారు?

అందుకని నేను కోరేవి పెద్ద పనులు కావు. ప్రతి ఒక్కరూ ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ రోజు, ఏ సినిమా, ఏ పని, ఎన్ని గంటలు, ఎంత ఇచ్చారు అన్నీ రాయండి. రాయడం రాకపోతే పిల్లల చేత రాయించండి. పని ఒప్పుకునేటప్పుడే "టైటిల్స్‌లో పేరు" అని కాగితం మీద అడగండి. ఒక్కరే అడిగితే రేపట్నుంచి పిలవరు. అందుకే నలుగురూ కలిసి అడగండి. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అది ఎక్కడుందో చూపించమనండి. లేని చోట జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంటుంది. ఫిర్యాదు రాయడానికి మేం తోడు వస్తాం.

చివరిగా ఒక మాట. నర్సింగరావు గారి పని నాకు నేర్పింది ఇది: కొండ మీద చోటు లేకపోయినా కళ చెయ్యొచ్చు, బొమ్మకీ పాటకీ మధ్య గోడ అక్కర్లేదు. నెలకో సాయంత్రం ఇక్కడే కలుద్దాం. సెట్ మీద మిగిలిన రంగులు తెచ్చుకుని మన బొమ్మలు మనం వేద్దాం, మన పాటలు మనం కడదాం. పూర్తయ్యాక కింద సంతకం పెట్టడం మర్చిపోకండి.

ఆ కోరస్‌లో నా పక్కన నిలబడిన ముగ్గురిలో ఒకామె ఇవాళ మూడో వరసలో కూర్చుని ఉంది. ఆమె పేరు నేను చెప్పను. ఇప్పుడు లేచి ఆమే చెప్పుకుంటుంది.