కూల్చి, మళ్లీ కట్టుకున్న మరునౌచి



టోక్యోలో రాజప్రాసాదం ఎదుట ఉన్న మరునౌచి పెద్ద ఆఫీసుల పేట. పూర్వం సైన్యం అధీనంలో ఉన్న ఆ స్థలాన్ని 1890లో మిత్సుబిషి కొన్నది. ఇంగ్లీషు ఆర్కిటెక్టు జొసయా కాండర్ గీసిన ప్లాను ప్రకారం 1894లో అక్కడ తొలి ఎర్ర ఇటుకల ఆఫీసు లేచింది. వరుసగా అలాంటివే వచ్చాక జనం ఆ వీధిని లండన్‌తో పోల్చారు. 1914లో టోక్యో స్టేషన్ వచ్చింది.

1968లో ఆ తొలి భవనాన్ని కూల్చేశారు. 2009లో పాత ప్లాన్లు ముందుంచుకుని, అక్కడే మళ్లీ ఇటుకలతో కట్టారు. 2010 నుంచి అది మ్యూజియం.

కాగితాలు భద్రపరిచారు కనుకనే ఇది సాధ్యమైంది. మిత్రులారా, మన పాత ఫైళ్లను తూకానికి వేసే ముందు ఒక్కసారి ఆలోచించండి. గుర్తున్న సంగతులు రాసి పెట్టండి.