పెన్నీకో యుద్ధవార్త

1640ల్లో ఇంగ్లండులో రాజు చార్లెస్‌కీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం. వార్తలూ రెండు పక్షాలే! కాగితం మడిస్తే ఎనిమిది పేజీల చిన్న పుస్తకం, వారానికొకటి, ధర సాధారణంగా ఒక పెన్నీ. ఆక్స్‌ఫర్డ్ నుంచి రాజు తరఫున 'మెర్క్యూరియస్ ఆలికస్'. దొంగచాటుగా లండన్‌కూ చేరేది. దానికి జవాబుగా లండన్ నుంచి 'మెర్క్యూరియస్ బ్రిటానికస్'. ఒకే పోరు, రెండు కథలు. నిజం కావాలంటే? రెండూ చదవాలి. అవును, రెండూ!

1645లో నేజ్‌బీ పోరులో రాజుగారి ఉత్తరాల పెట్టె శత్రువుకు చిక్కింది. విదేశీ సైన్యం కోసం ఆయన జరిపిన రహస్య మంతనాలు అందులో బయటపడ్డాయి. పార్లమెంటు ఊరుకుంటుందా? అచ్చేసి బజారుకెక్కించింది.

ఇక బ్రిటానికస్ రాసిన నీడమ్ ఘనుడు. రాజును తిట్టాడు. 1647లో రాజు తరఫునే కలం పట్టాడు. 1650లో మళ్లీ పాత గూటికే!